చాపకూడులో కుర్చీ

పల్నాడు వెళ్తున్నానంటే అమలాపురంలో మా వీధివాళ్ళు తలా ఒక జాగ్రత్త చెప్పారు. ఎండ అన్నారొకరు. కారం అన్నారింకొకరు. అక్కడివాళ్ళతో మాటకి మాట పెంచుకోవద్దని మా బావమరిది ప్రత్యేకంగా ఫోన్ చేసి మరీ చెప్పాడు. కార్తీకమాసం కాబట్టి ఎండ పెద్దగా లేదు. కారం సంగతి తర్వాత చెప్తాను. మాటకి మాట పెంచినవాణ్ణి నేనే. అయితే వీళ్ళెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ నాలుగు రోజులూ నేను మన రాష్ట్రంలోనే పరాయి దేశంవాడిలా తిరగాల్సి వచ్చింది.

ఎందుకో తెలియాలంటే ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. నేను పుట్టడం కారునలుపు. బడిలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ, అందరూ ‘కర్రోడా’ అనేవాళ్ళే. ముప్ఫై నాలుగో ఏట పెదవి పక్కన ఆవగింజంత తెల్లమచ్చ వచ్చింది. బొల్లి. అది నెమ్మదిగా మెడకీ చేతులకీ పాకి, నలభై ఆరు నిండేసరికి ఒంటి మీద నలుపన్నది లేకుండా చేసింది. ఇప్పుడు నాకు అరవై రెండు. ఎండలో తిరిగితే ఎర్రగా కందిపోతాను కాబట్టి ఎప్పుడూ పొడుగు చేతుల చొక్కా, వెడల్పాటి టోపీ, నల్ల కళ్ళద్దాలు. ఆ వేషంలో నన్ను చూసిన కొత్తవాళ్ళు ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. రంగునిచ్చే కణాలు నల్లవాడి చర్మంలోనూ తెల్లవాడి చర్మంలోనూ దాదాపు సమానంగానే ఉంటాయి, అవి పనిచేసే తీరులోనే తేడా, మనిషికీ మనిషికీ మధ్య జాతి అనే గోడ ప్రకృతి కట్టింది కాదు, మనం కట్టుకున్నది అని ఏటేటా చెప్పేవాణ్ణి. పిల్లలు నోట్సులో రాసుకునేవాళ్ళు. పరీక్షలో అడగరని తెలిశాక కొట్టేసేవాళ్ళు.

నేను బయల్దేరింది ఖాజా కోసం. మాచర్ల మనిషి, వరికోత మిషన్ల మెకానిక్. కోతల కాలంలో ఏటా మా కోనసీమకి వచ్చి నెల్లాళ్ళుంటాడు. ఎనిమిదేళ్ళుగా మా అరుగు మీదే అతని సామాన్ల పెట్టె. మొన్న ఫోన్ చేసి, వాళ్ళమ్మాయి నస్రీన్‌కి కూడా నాలాగే మచ్చలొచ్చాయని చెప్పాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం. నాలుగు నెలలుగా కాలేజీకి పోవడం లేదు. శుక్రవారంలోపు పరీక్ష ఫారం ఇవ్వాలి, దానికి కొత్త ఫొటో కావాలి, పిల్ల గడప దాటనంటోంది. ఫారం ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. ఈసారి ఆగితే మళ్ళీ చదవదని అతని భయం.

“మాటలు చెప్పేవాళ్ళు చానామంది వచ్చిపోయారు సార్. మీరేం చెప్పొద్దు. ఊరికే ఒకసారి వచ్చి కనపడండి చాలు,” అన్నాడు.

మనిషన్నవాడు ఊరికే కనపడటం కూడా ఒక సాయమని నాకు అప్పటిదాకా తెలియదు. గురువారానికి వస్తానని చెప్పి, దారిలో పల్నాడు చూసుకుంటూ పోదామని సోమవారమే బయల్దేరాను.

నరసరావుపేట

బస్టాండు ఎదురుగా ఉన్న ఒక లాడ్జిలో దిగుదామని వెళ్ళాను. కౌంటర్లో కుర్రాయన లేచి నిలబడి, “పాస్‌పోర్ట్ సార్,” అన్నాడు. నేను ఓటరు కార్డు ఇచ్చాను. కార్డు చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. అందులో ఉన్నది పాత నేను. ఫొటో మార్పించుకోవడం ఏళ్ళుగా వాయిదా వేస్తున్నాను. బద్ధకం అని మా ఆవిడతో అంటాను గానీ, ఆ నల్లటి మొహాన్ని తీసెయ్యాలంటే నాకు మనసొప్పదు.

ఇది మీది కాదు అన్నాడతను. నాదేనయ్యా అని మొదలుపెట్టి, వరసగా ఐదు నిమిషాలు కోనసీమ యాసలో దులిపేశాను. అతను శ్రద్ధగా విని, “తెలుగు చానా బాగా నేర్చుకున్నారు సార్. ఎన్నేళ్ళయింది వచ్చి?” అన్నాడు.

సంచిలోంచి పదో తరగతి సర్టిఫికెట్ నకలు తీశాను. ఇలాంటి ఇబ్బందులుంటాయనే అది దగ్గర పెట్టుకుంటాను. అందులో గుర్తింపు చిహ్నాలని రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి, కుడి చెంప మీద ఒకటి, ఎడమ ముంజేతి మీద ఒకటి. తీరా చూపిద్దామంటే ఆ రెండూ తెలుపులో కలిసిపోయి ఎప్పుడో మాయమయ్యాయి. ఆ సంగతి గుర్తొచ్చి సర్టిఫికెట్ మళ్ళీ లోపల పెట్టేశాను. చివరికి మా ఆవిడకి వీడియో కాల్ చేసి ఫోన్ అతని చేతికిచ్చాను. “ఆయనే బాబూ. అలా తిట్టేది మా ఇంట్లో ఆయనొక్కరే,” అందావిడ. గది దొరికింది.

సాయంత్రం వీధిలో మిరపకాయ బజ్జీలు తిన్నాను. మా వైపు బజ్జీ మిరపకాయ పేరుకే మిరపకాయ. ఇక్కడిది నాలిక మీద పడగానే తన పేరు తనే చెప్తుంది. బండి ఆవిడ నా మొహం చూసి, అడక్కుండానే చేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టింది. డబ్బులు ఇవ్వబోతే బెల్లానికి ఏంది డబ్బులు అని తోసేసింది.

కోటప్పకొండ

మర్నాడు పొద్దున్నే కోటప్పకొండ ఎక్కాను. శివరాత్రికి లక్షల జనం వచ్చే చోటట, ఆ రోజు మాత్రం నాతో కలిపి యాభై మంది ఉంటారేమో. కొబ్బరికాయలమ్మే ముసలామె ఈ కొండ మీద కాకి వాలదని చెప్పింది. ఎప్పటిదో శాపమట. నేను చూసినంతసేపూ కోతులే గానీ కాకి కనపడని మాట నిజం.

నలుపంటే అంత కోపమేమిటమ్మా అని సరదాకి అడిగాను. ఆమె నవ్వలేదు. “శాపం కాకికయ్యా, నలుపుక్కాదు. లోపల సామిని చూడు, ఏం రంగులో ఉండాడో,” అంది. లోపలికెళ్ళి చూశాను. ఆమె మాట వందపాళ్ళు నిజం. ముప్ఫై ఏళ్ళ పాఠం ఆవిడ రెండు ముక్కల్లో తేల్చేసినందుకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

కారెంపూడి బస్సు

మధ్యాహ్నం కారెంపూడి బస్సులో నా పక్కన ఒక రైతు కూర్చున్నాడు. పదెకరాల ఆసామి, తెల్ల పంచె, జేబులో రెండు ఫోన్లు. నాది తెలుగేనని తేల్చుకున్నాక తెరిపిన పడి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎద్దుకైనా మనిషికైనా జాతి చూడాలి, ఎక్కడికి పోయినా జాతి లక్షణం పోదు అన్నాడు. ఎద్దుల్లో జాతులు మనుషులు ఏరి కూర్చి పెంచితే వచ్చినవి, మనుషుల్ని ఎవరూ అలా ఏరలేదు కదా అన్నాను. ఆయనకి నచ్చలేదు.

కాసేపటికి మాట మిరప మీదికి మళ్ళింది. ఈ ఏడు ఒకే కొట్లో ఒకే రకం విత్తనం తెచ్చి నల్లరేగడిలో సగం, ఎర్రచెలకలో సగం పెట్టాడట. అక్కడి కాయకీ ఇక్కడి కాయకీ పొత్తు లేదు, విత్తనాల కొట్టువాడు మోసం చేశాడంటాడు. విత్తనం ఒకటే అయ్యుంటుందండీ, నేల మార్చి ఉంటుంది, మనుషుల సంగతీ అంతేనేమో అన్నాను. ఆయన కాసేపు కిటికీలోంచి పత్తి చేలు చూశాడు. “మిరపక్కాయకి ప్యాకెట్టుంటది కాబట్టి మీరట్టా అంటన్నారు. మనిషికి ప్యాకెట్టు ఎవుడు చూశాడు?” అని దిగిపోయాడు. జవాబు తోచేసరికి బస్సు రెండు ఊళ్ళు దాటింది.

పేరు రాయని ఊరు

కారెంపూడిలో గురజాల వెళ్ళే షేర్ ఆటో ఎక్కాను. పొద్దుటి నుంచి కనపడిన ప్రతివాడికీ నా కథ చెప్పి చెప్పి విసుగొచ్చింది. డ్రైవరు “వెల్‌కం సార్, విచ్ కంట్రీ?” అంటే ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

ఆ నెలలో అక్కడ పల్నాటి వీరుల పేరు మీద చాపకూడు పెడతారు. అంటే కులం చూడకుండా అందరూ ఒకే చాప మీద వరసగా కూర్చుని తినే భోజనం. కొన్ని వందల ఏళ్ళ కిందట మొదలైన ఆచారమని చెప్పుకుంటారు. దారిలో ఒక ఊళ్ళో ఒకరింటి ముందు ఆ భోజనాలే జరుగుతున్నాయి. దొరగారికి మన పద్ధతి చూపించాలని డ్రైవరు ముచ్చటపడి నన్ను అక్కడ దింపాడు. “మంచి దొర, ఫారిన్ నుంచొచ్చాడు,” అని కేకేసి చెప్పి మరీ వెళ్ళాడు. ఆ ఊరి పేరు రాయను. వాళ్ళు నన్ను ఆదరించిన తీరుకి నేనిచ్చిన బదులు అంత గొప్పది కాదు.

ఇంటి పెద్దావిడ పేరు కోటమ్మ. డెబ్బై దాటిన మనిషి, చకచకా నడుస్తోంది. నన్ను చూడగానే పక్కింటి నుంచి ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి వేయించింది. ముందొక స్టూలు. అందరికీ విస్తరి, నాకు స్టీలు కంచం, అందులో చెంచా. అందరికీ చెంబుతో నీళ్ళు, నాకు కొట్టు నుంచి సీలు తియ్యని బాటిల్. వాళ్ళబ్బాయి శ్రీను ముప్ఫై ఐదేళ్ళవాడు, నా పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుని, సైగలతోనే నా నంబరు అడిగి ఫొటో పంపించాడు.

నా కాళ్ళ ముందు పొడుగాటి ఈతచాప. దాని మీద మోకాలికి మోకాలు తగిలేలా పాతిక మంది. వంకాయ కూర, పప్పుచారు, గోంగూర పచ్చడి. గోంగూర నా దాకా వచ్చి ఆగిపోయింది. “దొరలకి కారం పడదు, పెరుగెయ్యి,” అని కోటమ్మ కొడుకుని కసిరింది. గిన్నె వెనక్కి వెళ్తుంటే నా ప్రాణం ఉసూరుమంది. నాకు తెలుగు రాదని వాళ్ళు నా గురించి నా ముందే మాట్లాడుకుంటున్నారు. ఎంత తెల్లగున్నాడే అని ఒకామె అంటే, ఆళ్ళ జాతే అంతలే అని ఇంకొకామె. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, బాగానే ఉంది. ఎవరూ నా కులం అడగటం లేదు. దేశం తెలిస్తే చాలు వాళ్ళకి. పుట్టి బుద్ధెరిగాక అంతమంది మధ్య కులం లేకుండా కూర్చోవడం నాకదే మొదలు.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. మేం మాలవాళ్ళం. ఊళ్ళో పెళ్ళిళ్ళకి మా నాన్న పందిళ్ళు వేసేవాడు. తను వేసిన పందిట్లో తను కూర్చోకూడదు. అవతల కొబ్బరిచెట్ల కింద ఆకు వేసుకుని, అందరూ లేచాక పెట్టింది తినేవాడు. నాది ఆయనిచ్చిన ఒళ్ళే. ఆ ఒళ్ళు ఆయన్ని పందిరి బయట కూర్చోబెట్టింది, పైపొర రంగు మారేసరికి నన్ను కుర్చీ ఎక్కించింది. ఆయనకి వరసలో చోటు లేదు. ఇక్కడ నాకూ లేదు.

కంచం పట్టుకుని లేచాను. “కొంచెం జరగండమ్మా, నేనూ కూర్చుంటాను. కాస్త గోంగూర కూడా వెయ్యండి,” అన్నాను.

ఒక్క క్షణం ఎవరి విస్తట్లో చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత నవ్వులు. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వలేక కూలబడింది. చాప మీద అటొకరూ ఇటొకరూ జరిగారు. బొల్లి అని చెప్తే ఎవరూ మొహం చిట్లించలేదు, పక్కవాళ్ళు లేచి పోలేదు. గోంగూర రెండు గరిటెలు పడింది.

అంతా సర్దుకున్నాక పక్కనున్న పెద్దాయన మెల్లిగా అడిగాడు. “ఇంతకీ మీరెవురు?”

పేరు కాదు అడిగింది, ఊరూ కాదు. ఆ ప్రశ్న తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఇందాకటి దాకా నాకు లేని కులం, నోరు విప్పగానే ఉండితీరాల్సి వచ్చింది. అడిగినాయన మొహంలో చెడేమీ లేదు. కూర్చున్నది చాపకూడుకి. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది నిజం చెప్పడానికి?

“సైన్స్ టీచర్నండి,” అన్నాను.

“అది కాదయ్యా.”

“అమలాపురం,” అన్నాను.

ఆయన మూడోసారి అడగలేదు. తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. కళ్ళంట నీళ్ళు కారాయి. గోంగూర కారమని అందరూ జాలిపడ్డారు. చాలావరకు కారమే.

గురజాల

ఆ రాత్రికి గురజాల చేరాను. మర్నాడు బజార్లో కొబ్బరిబోండాల బండి కనపడితే ఇంటివాళ్ళు కనపడ్డట్టే అనిపించి వెళ్ళాను. బండివాడు వేళ్ళతో వంద అని చూపించాడు. అంతకు ముందే ఇంకొకాయనకి యాభైకి ఇవ్వడం నా కళ్ళతో చూశాను. బోండాలు ఎక్కడివయ్యా అని తెలుగులో అడిగితే తడబడి, కోనసీమ నుంచి వస్తాయండీ అన్నాడు. మా పెరట్లో రాలిపడే బోండాన్ని గురజాలలో దొరల ధరకి కొనబోయాను. యాభైకి ఇచ్చి, తప్పయింది సార్, లేతకొబ్బరి కూడా తినండి అని చెంచాలా చెక్కిచ్చాడు.

మామూలుగా అయితే ఈ సంగతికి రోజంతా నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు నవ్వు రాలేదు. చాప మీద చెప్పని మాట చెప్పులో రాయిలా నొక్కుతూనే ఉంది. రేపు ఒక ఆడపిల్ల ముందుకి వెళ్ళి, ఒళ్ళు దాచుకోవద్దమ్మా అని చెప్పాలి. ఏ మొహంతో చెప్పను?

మాచర్ల

గురువారం పొద్దున మాచర్ల బస్టాండులో ఖాజా నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ పట్టుకుని, వచ్చారా సార్ అని మాత్రం అన్నాడు. షెడ్డు వెనకే ఇల్లు. ఇంట్లో వాళ్ళలో వాళ్ళు ఉర్దూ, నాతో తెలుగు. అతని భార్య జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. మా వైపు కోడికూరలో కొబ్బరి పడందే కూర కాదు. ఇక్కడ ఎండుమిర్చీ వెల్లుల్లే అంతా. నేను మూడు రొట్టెలు తిన్నాక నస్రీన్ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. చున్నీ కళ్ళ దాకా చుట్టుకుంది. కనపడుతున్న చేతి వేళ్ళు సగం చామనఛాయ, సగం తెలుపు.

ఖాజా చెప్పినట్టే నేనేం మాట్లాడలేదు. టోపీ తీశాను, చొక్కా చేతులు మడిచాను, కూర్చున్నాను. ఆ పిల్ల నన్ను చాలాసేపు చూసింది. మొదటి మచ్చ ఎప్పుడొచ్చింది, మందులు వాడారా, బడిలో పిల్లలు ఏమనేవాళ్ళు అని ఒక్కొక్కటే అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. సర్టిఫికెట్ చూపించి, మాయమైన పుట్టుమచ్చల కథ కూడా చెప్పాను. కొంచెం పెదవి కదిలింది. దారి పొడుగునా నన్ను దొర అన్నారని కూడా చెప్పాను. అక్కడ పొరపాటు చేశాను.

“మీకు పర్లేదు సార్. పూర్తిగా నల్లగున్నప్పుడు ఒక పేరు పెట్టారు, పూర్తిగా తెల్లగయినాక ఇంకో పేరు పెట్టారు. నేను సగం సగం. నన్ను చూస్తే ఏ పేరు పెట్టాలో తెలీక భయపడతారు. కాలేజీలో నా పక్కన కూచునే పిల్ల బెంచీ మారింది. అంటుకోదని దానికీ తెలుసు. బీయస్సీనే అది కూడా,” అంది.

సగం సగంగా నేనూ పన్నెండేళ్ళు బతికాను. ఆ పన్నెండేళ్ళలో దిగిన ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. పాత నల్లఫొటో దాచుకున్నాను, మధ్యలో కాలం మాత్రం చించి పారేశాను. ధైర్యం చెప్పడానికి వచ్చిన పెద్దమనిషి తీరు ఇది. ఇక దాచడం చేతకాక, చాపకూడు సంగతి మొత్తం చెప్పేశాను. కుర్చీ, గోంగూర, మా నాన్న, పెద్దాయన అడిగిన ప్రశ్న, నేను తప్పించుకున్న తీరు.

నస్రీన్ విని, “అయితే మీరు కూడా కప్పుకున్నారుగా సార్. నేను చున్నీతో, మీరు ఉద్యోగంతో,” అంది.

ఖాజా గట్టిగా కసురుకున్నాడు. నేను వద్దన్నాను. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు.

“వాళ్ళ నంబరుందిగా మీ దగ్గర. ఇప్పుడు చెప్పండి. మీరు చెప్తే నేను ఫొటోకొస్తా,” అంది.

శ్రీనుకి ఫోన్ చేసి, అమ్మకిమ్మన్నాను. నస్రీన్ స్పీకర్ నొక్కింది. “ఎవురూ, దొరగారా?” అని కోటమ్మ గొంతు.

“దొరని కాదమ్మా. ఆ రోజు చాప మీద నా పక్కనాయన నేనెవరని అడిగితే చెప్పకుండా దాటేశాను. మేం మాలవాళ్ళం. మీ చాప మీద కూర్చుని కూడా దాచాను. అది చెప్దామనే చేశాను.”

అవతల ఎక్కడో టీవీ మోగుతోంది. నస్రీన్ ఫోన్ వైపే చూస్తోంది. ఫోన్ పక్కన పడేసిందేమో అనుకున్నాను.

“ఆ ముక్క ఆ రోజే చెప్తే ఏం పోయిందయ్యా?” అంది చివరికి కోటమ్మ. “ఫోనొస్తే ఇంకేందో అనుకున్నా. నీకు కుర్చీ ఏసినానని మా ఆయన మొన్నటి నుంచీ తిడతానే ఉండాడు. చాపకూడులో కుర్చీ ఏందే, ఇన్నేళ్ళల్లో మనింటో ఎవురన్నా ఏశారా అని. తెల్లోడనేసరికి నాకు బుర్ర పన్జెయ్యలా. తప్పు నాదే. వచ్చే ఏడు రా. కుర్చీ ఎయ్యను.”

అందరూ ఇలాగే అంటారని నేను రాయను. పక్కన కూర్చున్న ఆ పెద్దాయన ఏమనేవాడో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యం ఇంకా చాలలేదు. కానీ రెండు రోజులుగా నేను నా కులం గురించి కుమిలిపోతుంటే, ఆవిడ కుర్చీ గురించి కుమిలిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. నస్రీన్ లోపలికెళ్ళి చెప్పులేసుకుని వచ్చింది.

ఫొటో స్టూడియో

స్టూడియో ఆయన ఖాజాకి స్నేహితుడే. ముందు నేను కూర్చున్నాను, ఓటరు కార్డు కోసం. కంప్యూటర్లో నా మొహం చూసి, “మరీ తెల్లగా పడ్డారు సార్. కొంచెం రంగు తగిలించమంటారా?” అన్నాడు. వచ్చినవాళ్ళందరినీ రెండు వాసులు తెలుపు చేసి పంపడం ఆయన వృత్తి. జీవితంలో మొదటిసారి నలుపు అమ్మజూపాడనుకుంటాను. ఉన్నట్టే ఉంచమన్నాను.

నస్రీన్ స్టూలు మీద కూర్చుని చున్నీ మెడ మీదికి దించింది. ఎడమ కంటి కింద నుంచి చెంప దాకా తెల్లమచ్చ, అర్ధరూపాయంత మొదలై కిందికి సాగింది. ఫ్లాష్ వెలిగింది. తెర మీద మొహం రాగానే ఆయన చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి పోయింది. మంచి మనిషే, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“ఏం పర్లేదమ్మా, ఒక్క నిమిషంలో మొత్తం కలిపేస్తా. ఏ రంగుకి కలపమంటావు? ఇటువైపుకా, అటువైపుకా?”

“ఏది నా రంగో మీరు చెప్పండి భాయ్,” అంది నస్రీన్.

ఆయన తెర వైపు చూశాడు. బాణం గుర్తు ఆ చెంప మీద కాసేపు, ఈ చెంప మీద కాసేపు తిరిగింది. మౌస్ వదిలేసి, ఎనిమిది కాపీలు ప్రింటు కొట్టాడు.

కౌంటర్ మీదే ఫారం పెట్టుకుని ఆ పిల్ల నింపడం మొదలుపెట్టింది. ఖాజా బయట స్కూటర్ మీద కూర్చుని, లోపలికి చూడనట్టు నటిస్తూ చూస్తున్నాడు. పేరు, తండ్రి పేరు, సబ్జెక్టులు అయ్యాయి. గుర్తింపు చిహ్నాలు రెండు రాయాలి. కుడి మణికట్టు మీద పుట్టుమచ్చ అని మొదటిది రాసింది. రెండోదానికి కౌంటర్ అద్దంలోకి వంగి ఒకసారి చూసుకుని, ‘ఎడమ కంటి కింద తెల్లమచ్చ’ అని రాసింది.

అది పెరగొచ్చు, పోనూవచ్చు, గుర్తుగా పనికిరాదేమోనమ్మా అన్నాను. పాఠాలు చెప్పిన నోరు, ఊరుకోదు.

“మీ పుట్టుమచ్చలు మాత్రం ఉన్నాయా సార్?” అంది, సంతకం పెడుతూ.